జపాను వారి పంక్తిలో మనం

మా అత్తగారి ఆరు నెలల డ్యూటీ పూర్తయి మా అమ్మ డ్యూటీ మొదలైంది 2009 వేసవిలో. మా పెద్దమ్మాయి పుట్టిన సంవత్సరం అది. అమ్మమ్మలూ నాయనమ్మలూ ఇలా వంతులవారీగా విమానాలెక్కి వచ్చి మన పిల్లల్ని పెంచడం ఈ సంచిక చదివేవారెవరికీ కొత్త కాదు. పాపం ఎప్పుడూ ఇంట్లోనే ఉండి విసుగెత్తిపోతోందని అమ్మని ఒక ఆదివారం ఊళ్ళో ఉన్న ఒక జపాను రెస్టారెంటుకి తీసుకువెళ్ళాం. ఆవిడ పక్కా శాకాహారి. కేకులో గుడ్డు ఉంటుందని మనవరాలి పుట్టినరోజున కూడా ముట్టని మనిషి. అందుకని మాంసం వండే పెనాలకి దూరంగా ఒక మూల బల్ల చూసుకుని కూర్చున్నాం. అక్కడి నుంచే వంటవాడు గరిటెలు గాలిలోకి ఎగరేసి పట్టుకోవడం, ఉల్లిచక్రాలు గోపురంలా పేర్చి మంట లేపడం చూసి అమ్మ ముచ్చటపడింది.

ముందుగా చిన్న గిన్నెల్లో పొగలు కక్కుతూ చారు వచ్చింది. "ఇందులో మాంసం ఉందా?" అని అడిగాను. "లేదు, సోయా, టోఫూ, సముద్రపు నాచు, అంతే. వెజిటేరియనే" అంది వడ్డించే అమ్మాయి. అమ్మ ఒక గుక్క తాగి, "బాగుందిరా, మన కట్టుచారులా ఉంది. ఇంగువ పడలేదంతే" అంది. రెండో గిన్నె కూడా అడిగి మరీ తాగింది.

అయిదేళ్ళ తరవాత, 2014లో, మా టీములో పనిచేసే ఒక జపాను మిత్రుడు మమ్మల్ని శాన్ హోసే లోని జపాన్‌టౌన్‌కి భోజనానికి తీసుకువెళ్ళాడు. నేను పెద్ద అనుభవజ్ఞుడిలా మెనూ చూసి, "మా ఆవిడ శాకాహారి. ఆవిడకి మీసో సూపు చెబుదాం" అన్నాను. ఆయన కాస్త ఇబ్బందిగా నవ్వి, "మీ ఆవిడ చేప తింటారా?" అని అడిగాడు. తినదన్నాను. "అయితే ఆ సూపు వద్దు" అన్నాడు.

ఆ పూట నాకు అన్నం సరిగా సహించలేదు. అప్పటి నుంచి జపాను వంట గురించి దొరికినదల్లా చదువుతూ, అడిగి తెలుసుకుంటూ వచ్చాను. మన కుటుంబాల్లో పిల్లలు హైస్కూలుకి వచ్చేసరికి "సుషీకి వెళదాం" అనడం మామూలైపోయింది. తాతగారో నాయనమ్మగారో వెంట ఉంటారు. అసలు సిసలు జపాను భోజనశాలకి వెళితే ఏం జరుగుతుంది, ఏది ఎందుకు అలా ఉంటుంది, మనం ఏం చూసుకోవాలి – తెలిసినంతలో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

అసలు, నకలు

ముందు ఒక చిక్కు విప్పాలి. ఎదురుగా పెనం మీద నిప్పులు చెరుగుతూ వండే పద్ధతిని అమెరికాలో "హిబాచీ" అంటారు. నిజానికి జపాను భాషలో హిబాచీ అంటే బొగ్గుల కుంపటి. ఈ పెనం వంట పేరు తెప్పన్యాకి. అది కూడా ప్రాచీనమేమీ కాదు. కోబె నగరంలో మిసోనో అనే హోటలు 1945లో మొదలుపెట్టింది. దాన్ని అమెరికాకి తెచ్చి, విన్యాసాలు జోడించి, జనానికి అలవాటు చేసినవాడు రాకీ ఆవోకీ. ఆయన మొదటి బెనిహానా న్యూయార్కులో 1964లో తెరిచాడు. అలాగే "కాలిఫోర్నియా రోల్". పీత మాంసం, అవకాడో పెట్టి, అన్నం బయటికి, నాచు లోపలికి ఉండేలా చుట్టిన ఆ చుట్ట పుట్టింది ఈ ఖండం మీదే. లాస్ ఏంజలెస్‌లోని లిటిల్ టోక్యోలో పుట్టిందని కొందరు, కాదు కెనడాలోని వాంకూవర్‌లో అని కొందరు ఇప్పటికీ వాదించుకుంటూ ఉంటారు.

ఈ అసలు–నకలు గొడవ జపాను ప్రభుత్వం దాకా వెళ్ళింది. 2006లో అక్కడి వ్యవసాయ శాఖ, విదేశాల్లో ఉన్న జపాను రెస్టారెంట్లలో ఏవి నికార్సయినవో తేల్చి ధృవపత్రాలిస్తామని ప్రకటించింది. అమెరికా పత్రికలు వెంటనే దానికి "సుషీ పోలీసు" అని పేరు పెట్టి ఎగతాళి చేశాయి. ఆ పథకం అలాగే మూలపడింది. పదేళ్ళ తరవాత, 2016లో, పద్ధతి మార్చి, జపాను వంట నేర్చుకున్న విదేశీ వంటవారికి బంగారు, వెండి, కంచు అని మూడు తరగతుల గుర్తింపు ఇవ్వడం మొదలుపెట్టారు. మధ్యలో 2013లో యునెస్కో జపాను సంప్రదాయ భోజన పద్ధతిని, అంటే "వషోకు"ని, మానవాళి వారసత్వాల జాబితాలో చేర్చింది.

మనం నవ్వుకోనక్కర్లేదు. "ఇండియన్ బఫే" అన్న బోర్డు చూసి లోపలికి వెళ్ళి, నాన్, బటర్ చికెన్, పాలక్ పనీరు చూసి, "ఇదా మన భోజనం? గోంగూర ఏదీ? పెరుగన్నం ఏదీ?" అని గొణుక్కోని తెలుగువాడు ఈ దేశంలో ఉన్నాడా? జపాను వాడి బాధా అదే.

మరి నికార్సయిన చోటుని పోల్చుకోవడం ఎలా? ఒక గుర్తు చెబుతాను. జపానులో సాధారణంగా ఒక దుకాణం, ఒక వంట. సుషీ చేసేవాడు సుషీయే చేస్తాడు. రామెన్ అనే నూడుల్స్ చారు చేసేవాడు అదే చేస్తాడు. సోబా, ఉదోన్, తెంపురా – దేని దుకాణం దానిదే. చిన్న చిన్న పళ్ళాల్లో రకరకాల తినుబండారాలు, పానీయాలు ఇచ్చే చోటుని ఇజకయా అంటారు. ఒకే మెనూలో సుషీ, థాయ్ నూడుల్స్, జనరల్ త్సో చికెన్ కనిపిస్తే, తిండి రుచిగానే ఉండవచ్చు గాని, అది మనం వెతుకుతున్న చోటు కాదు. ఇక్కడ జనం కోరిక కోసం మెనూ కాస్త పెంచుకోవడం మాత్రం అసలైన వాళ్ళకీ తప్పదు.

లోపలికి అడుగుపెట్టాక

తలుపు తీయగానే లోపల ఉన్నవాళ్ళంతా "ఇరష్షైమసే!" అని గట్టిగా అరుస్తారు. భయపడకండి. "దయచేయండి" అని దాని అర్థం. మీరు తిరిగి ఏమీ అనక్కర్లేదు. చిరునవ్వు చాలు. చాపలు పరిచిన గది ఉంటే బూట్లు విప్పాలి. ఇది మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. మొదట చుట్ట చుట్టిన వేడి తడి గుడ్డ ఇస్తారు. దాని పేరు ఒషిబోరి. చేతులు తుడుచుకోవడానికే. మొహం, మెడ తుడుచుకోవాలనిపిస్తుంది కాని ఆపుకోండి.

భోజనానికి ముందు చేతులు జోడించి "ఇతదకిమాస్" అంటారు. "వినయంగా స్వీకరిస్తున్నాను" అని అర్థం. మనవాళ్ళు ఔపోశన పట్టడం, గోవింద నామం చెప్పడం లాంటిది. తిన్నాక "గోచిసోసమా" అంటారు. ఈ రెండు మాటలూ మన పిల్లలు అనిమే చూసి ఎప్పుడో నేర్చుకున్నారు. మనమే వెనకబడ్డాం.

చాపస్టిక్కులతో రెండు పనులు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు. ఒకటి, గిన్నెలోని అన్నంలో వాటిని నిలువుగా గుచ్చడం. చనిపోయినవారి తలదగ్గర పెట్టే అన్నంలో అలా గుచ్చుతారు. రెండోది, ఒకరి పుల్లల నుంచి ఇంకొకరి పుల్లలకి ఆహారం అందించడం. దహనం అయ్యాక బంధువులు అస్థికలని పుల్లలతో ఏరేటప్పుడు అలా చేస్తారు. పిండప్రదానం ఎరిగిన మనకి, తద్దినం నాటి వడ్డన మామూలు రోజున చేయకూడదని పెద్దలు ఎందుకంటారో తెలిసిన మనకి, ఈ పట్టింపు అర్థం చేసుకోవడం కష్టం కాదు. మా అబ్బాయి చిన్నప్పుడు ఆడుకుంటూ పుల్లలు అన్నంలో గుచ్చితే మా జపాను మిత్రుడు ఒక్క మాట కూడా అనకుండా మెల్లిగా వాటిని తీసి పక్కన పెట్టాడు. కారణం నేనే తరవాత అడిగి తెలుసుకున్నాను.

చారు గిన్నె చేత్తో ఎత్తి నేరుగా తాగవచ్చు. నూడుల్స్ జుర్రుమని చప్పుడు చేస్తూ తినవచ్చు. అమెరికన్ల మధ్య భోజనం చేసేటప్పుడు మనం ఎంతో కష్టపడి అణచుకున్న అలవాట్లన్నీ ఇక్కడ మర్యాదే!

సుషీ అంటే పచ్చి చేప కాదు

మనవాళ్ళలో చాలామందికి ఉన్న అపోహ ఇది. పచ్చి చేప ముక్కల పేరు సషిమి. సుషీ అంటే పుల్లటి అన్నం. "సుషీ" అన్న మాటకి పాత అర్థమే పులుపు. వెనిగరు, పంచదార, ఉప్పు కలిపిన అన్నం ఉంటే దాని మీద ఏమున్నా, దోసకాయ ముక్క ఉన్నా, అది సుషీయే. అంటే వరసకి మన పులిహోరకి దూరపు చుట్టమన్నమాట.

ఆ పులుపు ఎలా వచ్చింది? పూర్వం చేపల్ని ఉప్పు, అన్నంతో కలిపి నెలల తరబడి ఊరవేసేవారు. అన్నం పులిసి, ఆ పులుపు చేపని చెడిపోకుండా కాపాడేది. తినేటప్పుడు అన్నం పారేసి చేప తినేవారు. అంటే అన్నం మన ఆవకాయలో ఉప్పు, నూనె చేసే పని చేసేదన్నమాట. బివా సరస్సు దగ్గర ఇప్పటికీ ఫునజుషి అనే పేరుతో ఇలా ఊరవేస్తారు. రాను రాను ఊరే కాలం తగ్గింది, అన్నం కూడా తినడం మొదలైంది, చివరికి పులియబెట్టడం మానేసి వెనిగరు పోయడం వచ్చింది. 1820ల్లో ఎదో నగరంలో, అంటే నేటి టోక్యోలో, హనాయా యోహే అనే ఆయన అప్పటికప్పుడు పిడికిట అన్నం వత్తి, పైన చేప ముక్క పెట్టి అమ్మడం మొదలుపెట్టాడని చెబుతారు. అదే నిగిరి. హడావిడిగా పనికి వెళ్ళేవాళ్ళు నిలబడి తినిపోయే వీధి తిండి అది. మన పునుగుల బండి లాంటిది. ఇవాళ అదే తిండికి మనిషికి రెండు మూడు వందల డాలర్లు పుచ్చుకునే చోట్లున్నాయి.

నిగిరిని చేత్తో తినవచ్చు. నిజానికి అదే పాత పద్ధతి. సోయా సాసులో అన్నం వైపు కాకుండా చేప వైపు ముంచాలి. లేకపోతే అన్నం విడిపోతుంది. పక్కన పెట్టే అల్లం ముక్కలు నంజుకోవడానికి కాదు. ఒక రకం తిన్నాక నోరు కడిగినట్టు చేసి రెండో రకానికి సిద్ధం చేయడానికి. సుషీ అన్నాన్ని దుకాణాల్లో "షరి" అంటారు. ఇది మన "శరీర" శబ్దమే. బుద్ధుడి ధాతువులని, అంటే అస్థికలని, శరీరాలనే అంటారు. ఆ మాట చైనా మీదుగా జపాను చేరింది. మెరిసే తెల్లటి మెతుకులు ఆ ధాతువుల్లా ఉంటాయని ఆ పేరు వచ్చిందంటారు.

పచ్చి చేప తినే మిత్రులకి ఒక మాట. పచ్చి చేపలో పురుగుల భయం ఉంటుంది కనుక, అమెరికా ఆహార నియమావళి ప్రకారం చాలా రకాల చేపల్ని ముందు గడ్డకట్టించాలి. మైనస్ 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర 7 రోజులు, లేదా మైనస్ 35 డిగ్రీల దగ్గర గట్టిపడేదాకా ఉంచి, ఆపైన అదే చలిలో 15 గంటలు. ట్యూనా వంటి కొన్ని చేపలకి మినహాయింపు ఉంది. ఈ చలికి పురుగులు చస్తాయి గాని సూక్ష్మజీవులన్నీ చావవు. అందుకే గర్భిణీ స్త్రీలని పచ్చి చేప తినవద్దంటారు. దుకాణాల్లో కనిపించే "సుషీ గ్రేడ్" అన్న ముద్రకి చట్టంలో నిర్వచనం లేదు. దాన్ని చూసి మోసపోకండి.

వసాబి, ఆవపిండి

పళ్ళెంలో ఒక మూల పచ్చటి ముద్ద ఉంటుంది. గుంటూరు కారం తిన్న మొనగాళ్ళం, ఇదేం చేస్తుందిలే అని చెంచాడు నోట్లో వేసుకుని కళ్ళనీళ్ళు పెట్టుకోని తెలుగువాడు ఉండడు. నేనూ ఆ బాధితుల్లో ఒకణ్ణి. నోరు మండలేదు. ముక్కులోంచి నడినెత్తికి ఏదో తుపాకీ పేల్చినట్టయింది.

ఎందుకలా? మిరపకాయలో ఉండే కేప్సైసిన్ నూనెలో కరిగేది, ఆవిరి కాదు. కనుక నాలుక మీదే కూర్చుని మంట పెడుతుంది. వసాబిలో ఉండేది ఎల్లైల్ ఐసోథయోసయనేట్. ఇది ఇట్టే ఆవిరై గొంతు వెనక నుంచి ముక్కులోకి ఎక్కుతుంది. రెండింటినీ పసిగట్టే నాడీ గ్రాహకాలు కూడా వేరు. మిరప ఘాటుని గుర్తుపట్టే గ్రాహకాన్ని కనుక్కున్న డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. తమాషా ఏమిటంటే వసాబిలో ఉన్న పదార్థమే మన ఆవపిండిలోనూ ఉంది. ఆవగింజ పొడిగా ఉన్నంతసేపూ నోరు మూసుకుని ఉంటుంది. దంచి తడి తగిలించగానే అందులోని ఎంజైము పనిచేసి ఈ ఘాటు పుడుతుంది. ఆవ పెట్టిన పనసపొట్టు కూర తిని ముక్కు ఎగబీల్చినవాళ్ళకి వసాబి కొత్తది కాదు.

ఇంకో రహస్యం. మనకి వడ్డించేదాంట్లో చాలాభాగం వసాబి కానే కాదు. అసలు వసాబి కొండవాగుల్లో పెరిగే దుంప లాంటి కాడ. పెంచడం కష్టం, ఖరీదు ఎక్కువ, తురిమిన పావుగంట ఇరవై నిమిషాల్లో ఘాటు ఎగిరిపోతుంది. అందుకని హార్స్‌రేడిష్ అనే వేరుకి ఆవపిండి, పచ్చరంగు కలిపి పెడతారు. అంటే మనం తినేది సగం మన ఆవే! మీ ఎదురుగా కాడని తురిమి పెడితే మాత్రం అది అసలైనది. దాన్ని సోయా సాసులో కలిపి పాడుచేయకండి.

చారులో చేప ఎక్కడుంది?

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. మన వంటకి పోపు ఎలాగో జపాను వంటకి "దషీ" అలాగ. దషీ అంటే ఒక పల్చటి తేట. కొంబు అనే ఎండు సముద్రపు నాచుని నీళ్ళలో నానబెట్టి, సన్నసెగన వేడి చేసి, తీసేస్తారు. తరవాత కత్సుఓబుషి అనే ఎండు చేప పొరలు వేసి వడగడతారు. ఈ చేపని ఉడికించి, ముళ్ళు తీసి, పొగబెట్టి, ఎండబెట్టి, ఖరీదైన రకాలకి బూజు కూడా పట్టిస్తారు. చివరికి కొయ్యముక్కలా తయారవుతుంది. దాన్ని చిత్రిక పట్టినట్టు చెక్కుతారు. ఈ తేటలో మీసో, అంటే పులియబెట్టిన సోయా ముద్ద, కలిపితే మీసో చారు. మీసో శాకాహారమే. టోఫూ శాకాహారమే. నాచు శాకాహారమే. చేప ఉన్నది నీళ్ళలో! వడకట్టేశారు కనుక కంటికి కనిపించదు. వడ్డించే అమ్మాయి అబద్ధం చెప్పలేదు. నేను అడిగిన ప్రశ్నే తప్పు.

ఈ తేటకి అంత రుచి ఎందుకంటే దానికో కథ ఉంది. టోక్యో ఇంపీరియల్ విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రాచార్యుడు కికునయే ఇకెదా, కొంబు చారు రుచి తీపి, పులుపు, ఉప్పు, చేదులలో దేనికీ చెందదని గమనించి, 1908లో అందులోంచి గ్లుటమేటుని వేరుచేశాడు. ఆ రుచికి "ఉమామి" అని పేరు పెట్టాడు. మరుసటి సంవత్సరమే అది అజినొమొతో పేరుతో అమ్మకానికి వచ్చింది. ఆయన శిష్యుడు షింతారో కొదామా 1913లో ఎండుచేపలో ఇనోసినేటు ఉందని చూపాడు. 1957లో అకీరా కునినకా ఇంకో రెండు సంగతులు తేల్చాడు. పుట్టగొడుగుల్లోని గ్వానిలేటు కూడా ఇదే రుచినిస్తుంది. ఇవి గ్లుటమేటుతో కలిస్తే ఆ రుచి కూడిక లెక్కన కాక ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఒకటీ ఒకటీ రెండు కాకుండా ఏడో ఎనిమిదో అయినట్టు. మన టమాటా చారు రుచిలోనూ గ్లుటమేటు చెయ్యి ఉంది.

అయితే జపాను వారికి చేప మాంసం కాదా? దీనికి చరిత్ర ఉంది. 675లో తెన్ము చక్రవర్తి బౌద్ధ ప్రభావంతో ఆవు, గుర్రం, కుక్క, కోతి, కోడి మాంసాలని ఏటా కొన్ని నెలలపాటు నిషేధించాడు. ఆ జాబితాలో చేప లేదు. మాంసం మీద ఆ వెనుకాడడం ఏదో ఒక రూపంలో 1872లో మెయిజీ చక్రవర్తి బహిరంగంగా గొడ్డుమాంసం తినేదాకా సాగింది. పన్నెండు వందల ఏళ్ళపాటు "మాంసం లేదు" అంటే "చేప ఉంది" అనే అర్థం. బెంగాలీ బ్రాహ్మణుల ఇంట చేపల కూర చూసి ఆశ్చర్యపోయినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

కాబట్టి శాకాహారులు "మాంసం ఉందా" అని కాదు, "దషీ దేంతో చేశారు" అని అడగాలి. జపాను భాషలో ఇలా: "దషీ వా కొంబు దకే దెస్ కా?" – దషీ కొంబుతో మాత్రమే చేశారా? "సకనా నో దషీ మో దమే దెస్" – చేప దషీ కూడా పనికిరాదు. ఈ రెండు ముక్కలు ఫోనులో రాసి పెట్టుకోండి.

దషీ దాక్కునే చోట్లు: మీసో చారు, ఉదోన్ సోబాల పులుసు, తెంపురాతో ఇచ్చే సాసు, అగెదషీ టోఫూ, పొంజు సాసు, గుడ్డు అట్టు, ఇనారి సుషీ (ఆ టోఫూ సంచీని సాధారణంగా దషీలోనే ఉడికిస్తారు). చల్లటి టోఫూ మీద, ఆకుకూరల మీద చేప పొరలు చల్లుతారు. వేడి తగిలితే అవి నాట్యం చేస్తాయి. తెంపురా మన బజ్జీకి అన్నగారే. పోర్చుగీసు వాళ్ళు వచ్చిన కాలంలో నేర్చుకున్నది. కాని పూతలో శనగపిండి కాదు, గోధుమపిండితో బాటు గుడ్డు ఉంటుంది. రామెన్ పులుసు చాలాచోట్ల పంది ఎముకలది. ఇంటికి కొని తెచ్చుకునే మీసో డబ్బాల్లో కూడా దషీ కలిపినవి ఉంటాయి. వెనక అక్షరాలు చదవండి.

మామూలుగా నిశ్చింతగా తినగలిగినవి: ఉప్పు వేసి ఉడికించిన ఎదమామె, దోసకాయ చుట్ట, అవకాడో చుట్ట, ఉత్త అన్నం, సాసు కలపకుండా, పులియబెట్టిన సోయా గింజల నత్తో. ఈ చివరిదాని వాసనకీ జిగురుకీ మాత్రం నాది పూచీ కాదు.

వారి మడివంట

ఇంతా చెప్పి జపానులో శాకాహారం లేదంటే పాపం చుట్టుకుంటుంది. అక్కడి బౌద్ధ మఠాల్లో శోజిన్ ర్యోరి అనే వంట ఉంది. మాంసం లేదు, చేప లేదు, గుడ్డు లేదు. అంతేకాదు, ఉల్లి, వెల్లుల్లి జాతి కూడా లేవు! మన మడివంటే. దషీ కొంబుతోనూ, ఎండబెట్టిన షీతాకె పుట్టగొడుగులతోనూ చేస్తారు. పైన చెప్పిన కునినకా లెక్క ఇక్కడా పనిచేస్తుంది. చేప లేకుండానే ఆ ఎన్నో రెట్ల రుచి వస్తుంది. మఠాల వంటవాళ్ళు ఈ సంగతి రసాయనశాస్త్రం కంటే ఎన్నో వందల ఏళ్ళ ముందే కనిపెట్టారు.

"శోజిన్" అన్న మాట సంస్కృతంలోని "వీర్య" శబ్దానికి అనువాదం. బోధిసత్త్వుడు సాధించవలసిన ఆరు పారమితల్లో ఒకటి. జెన్ గురువు దోగెన్ 1237లో మఠంలో వంట చేసేవాడు ఎలా మెలగాలో ఒక గ్రంథమే రాశాడు. "జెన్" మన "ధ్యానమే". జపాను బౌద్ధులు ఎనిమిది శాఖలకీ మూలపురుషుడని కొలిచే ర్యూజు ఎవరనుకున్నారు? మన కృష్ణాతీరంతో సంప్రదాయం ముడిపెట్టే ఆచార్య నాగార్జునుడు. నాగార్జునసాగర్ చూసి వచ్చిన ప్రతి తెలుగువాడికీ ఈ పంక్తిలో ఒక విస్తరి ఉందని నాకనిపిస్తుంది.

జాక్సన్ వీధిలో

శాన్ హోసే జపాన్‌టౌన్ పెద్దదేమీ కాదు. జాక్సన్ వీధి, చుట్టూ కొన్ని వీధులు. ఇలాంటివి దేశంలో ఒకప్పుడు ఎన్నో ఉండేవి. కాలిఫోర్నియాలో ఇవాళ మిగిలినవి మూడే: లాస్ ఏంజలెస్, శాన్ ఫ్రాన్సిస్కో, శాన్ హోసే. మిగతావి ఏమయ్యాయో మా పిల్లలకి చెప్పాలని అక్కడికి వెళ్ళినప్పుడల్లా అనుకుంటాను.

1922లో తకావో ఒజావా అనే జపాను వలసదారు పౌరసత్వం అడిగితే, నువ్వు తెల్లవాడివి కాదని సుప్రీంకోర్టు కొట్టేసింది. మూడు నెలలకే, 1923 ఫిబ్రవరిలో, మన భగత్ సింగ్ థిండ్ అడిగితే అదే కోర్టు, అదే న్యాయమూర్తి రాసిన తీర్పుతో కొట్టేసింది. మనవాళ్ళకి పౌరసత్వపు తలుపు 1946లో తెరుచుకుంది. వాళ్ళకి 1952లో. మధ్యలో, 1942 ఫిబ్రవరి 19న రూజ్‌వెల్ట్ సంతకంతో, సుమారు 1,20,000 మంది జపానీయుల్ని ఇళ్ళు, పొలాలు, దుకాణాలు వదిలించి ముళ్ళకంచెల శిబిరాలకి పంపారు. వారిలో మూడింట రెండు వంతులు ఇక్కడే పుట్టిన అమెరికా పౌరులు. మన తల్లిదండ్రులు దిగే శాన్ హోసే విమానాశ్రయానికి ఎవరి పేరుందో చూశారా? నార్మన్ మినెటా. ఈ ఊళ్ళోనే పుట్టి, పదేళ్ళ పిల్లవాడిగా వయోమింగ్ లోని హార్ట్ మౌంటెన్ శిబిరానికి వెళ్ళి, తిరిగివచ్చి, ఈ నగరానికి మేయరై, కేంద్రమంత్రి అయినవాడు. 2022లో కన్నుమూశాడు.

మనం కొనే "కొకుహో రోజ్" బియ్యం సంచీ వెనకా ఇలాంటి కథే ఉంది. కెయిసబురో కోదా కుటుంబం శిబిరం నుంచి తిరిగివచ్చేసరికి పొలంలో చాలాభాగం పోయింది. మళ్ళీ మొదలుపెట్టి 1963లో ఆ వంగడాన్ని బజారులోకి తెచ్చారు. ఇంత జరిగినా ఆ వీధుల్లో మళ్ళీ దుకాణాలు తెరిచి, వండుకున్నారు. వంట ఎందుకు అంత పట్టుగా చేస్తారో నాకు అక్కడే తెలిసింది.

బిల్లు సంగతి త్వరగా చెబుతాను. "ఒమకసే" అంటే "మీ ఇష్టానికి వదిలేశాను" అని. వంటవాడు ఏది పెడితే అది తినాలి. ముందుగా ధర కనుక్కోండి. శాకాహారులైతే రెండు మూడు రోజుల ముందు ఫోను చేసి చెప్పండి. అప్పటికప్పుడు అడిగితే దషీ మార్చడం కుదరదు. జపానులో టిప్పు ఇవ్వరు. ఇక్కడ మామూలుగానే ఇవ్వాలి.

అమ్మకి చెప్పాలా వద్దా అని 2014లో నేనూ, మా ఆవిడా చాలా రోజులు తర్జనభర్జన పడ్డాం. "అత్తయ్యగారికి తెలియకుండా ఉంటేనే మంచిది, అనవసరంగా బాధపడతారు" అని తను. తెలియకుండా తినిపించడం ఒక తప్పు, తెలిసీ దాచడం ఇంకో తప్పు అని నేను. చివరికి ఒక ఆదివారం ఫోనులో చెప్పేశాను. అటువైపు చాలాసేపు మాట లేదు. తరవాత, "రెండో గిన్నె కూడా తాగానురా" అంది. ఇంకాసేపటికి, "ఆ నల్లటి ఆకు మాత్రం ఆకేనా?" అని అడిగింది. నాచేనమ్మా, సముద్రంలో మొలుస్తుంది, ఆకుకూర కిందే లెక్క అని చెప్పాను. ఆ నెల ఏకాదశికి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదని మా చెల్లెలు చెప్పింది.

2017లో అమ్మ మళ్ళీ వచ్చింది. మా జపాను మిత్రుడి సాయంతో జాక్సన్ వీధిలో ఒక చిన్న భోజనశాలకి మూడు రోజుల ముందే ఫోను చేసి విషయమంతా చెప్పాం. పెద్దవయసు వంటాయన స్వయంగా బయటికి వచ్చి, కొంబు ముక్క, ఎండు పుట్టగొడుగులు పళ్ళెంలో పెట్టి తెచ్చి అమ్మకి చూపించి, వీటితోనే చేశానని చేతులతో సైగ చేసి చెప్పాడు. అమ్మ పుట్టగొడుగు వాసన చూసి తల ఊపింది. చారు వచ్చింది. నెమ్మదిగా, చివరి బొట్టు దాకా తాగింది. వంటాయన పక్కనే నిలబడి చూస్తున్నాడు.

"ఎలా ఉందమ్మా?" అని అడిగాను.

"బాగుంది" అంది. తరవాత నా వైపు వంగి, గొంతు తగ్గించి, "నిజం చెప్పొద్దూ, అప్పుడు తాగిందే ఇంకాస్త బాగుందిరా" అంది.

ఏమన్నారని వంటాయన అడిగాడు. "చాలా బాగుందంటోంది" అని చెప్పాను.